పల్లెదారుల్లో నిదానంగా: పటాన్ని ఎంచుకోవడం, చదవడం, దాని వెంట సాగడం

ఫోనులో గమ్యం పేరు టైపు చేయగానే తెర మీద కనిపించే నీలిగీత ఒకే ఒక ప్రశ్నకు సమాధానం: అక్కడికి అన్నిటికంటే త్వరగా చేరడం ఎలా? డచ్చి కంప్యూటరు శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతీ, ఆ తరవాత దాని మీద జరిగిన మెరుగులూ ఈ లెక్కకు ఆధారం. రెండు కూడళ్ల మధ్య ఉన్న ప్రతి రోడ్డు ముక్కకూ ఒక ఖర్చు కట్టి, మొత్తం ఖర్చు ఎక్కడ తక్కువగా తేలితే ఆ వరసను దారిగా చూపించడం దీని పని. ఆ ఖర్చును సాధారణంగా నిమిషాల్లో కడతారు కాబట్టి, ఏటి ఒడ్డున చెట్ల నీడలో పోయే రోడ్డుకు ఈ లెక్కలో ప్రత్యేకమైన విలువేమీ ఉండదు. అది నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే చాలు, జాబితాలోంచి జారిపోతుంది. పల్లెల మీదుగా నిదానంగా వెళ్లాలనుకునేవారు అడిగే ప్రశ్న వేరు. ఈ చోటికీ ఆ చోటికీ నడుమ ఏముంది, దాన్ని చూస్తూ వెళ్లడానికి ఏ దారి అనుకూలం అన్నది వారికి కావాలి. ప్రశ్న మారినప్పుడు పటమూ మారాలి, దాన్ని చదివే తీరూ మారాలి. కారు, మోటారుసైకిలు, సైకిలు, ఏ వాహనానికైనా ఇక్కడ చెప్పే పద్ధతి ఒకటే. దూరాలు మాత్రమే తేడా పడతాయి.

ఏ పటం?

పటం కొనేటప్పుడైనా, ఫోనులోకి దించుకునేటప్పుడైనా మొదట చూడవలసింది స్కేలు. 1:10,00,000 పటంలో ఒక సెంటీమీటరు నేల మీద 10 కిలోమీటర్లకు సమానం. ఏ ప్రాంతానికి వెళ్లాలో తేల్చుకోవడానికి తప్ప అది మరి దేనికీ చాలదు. 1:2,50,000 లేదా 1:2,00,000 పటంలో సెంటీమీటరుకు రెండున్నర, రెండు కిలోమీటర్లు వస్తాయి, ఊళ్లను కలిపే చిన్న రోడ్లు చాలావరకు కనిపిస్తాయి, ఒక రోజు ప్రయాణం మొత్తం రెండు అరచేతుల మేరలో ఇమిడిపోతుంది. దారి నిర్ణయించడానికి ఇదే సరైన పటం. 1:50,000 స్థలాకృతి పటంలో (నేల ఎత్తుపల్లాలను కూడా చూపే పటం) సెంటీమీటరుకు 500 మీటర్లే కాబట్టి బావులు, గుడులు, కాలిబాటలు, వాగుల మలుపులు కూడా అందులోకి వస్తాయి. అయితే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు ఒకటి ఉత్తర దక్షిణాలుగా సుమారు 28 కిలోమీటర్ల నేలను మాత్రమే చూపుతుంది. కారులో గంట తిరగకుండానే షీటు అంచు వచ్చేస్తుంది. అందువల్ల దారి మొత్తానికి 1:2,50,000 వంటి చిన్న స్కేలు పటం ఒకటి, ఒకటి రెండు రోజులు ఆగి చుట్టుపక్కల తిరగాలనుకున్న చోట్లకు మాత్రం 1:50,000 వంటి పెద్ద స్కేలు షీట్లు తీసుకోవడం మంచిది.

ఫోను పటంతోనే దారి మొత్తం నిర్ణయిస్తే ఒక చిక్కు ఉంది. ప్రయాణం అంతా ఒకే తెరలో కనిపించాలని వెనక్కి జరిపితే చిన్న రోడ్లన్నీ మాయమై హైవేలు మాత్రమే మిగులుతాయి; చిన్న రోడ్లు కనిపించేంత దగ్గరికి జరిపితే అవి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలియదు. ఇలా తెర తనకు తెలియకుండానే మనల్ని పెద్ద రోడ్డు మీదికి తోస్తుంది. బల్ల మీద పరిచిన కాగితం మీద చిన్న గీతా, అది చేరే ఊరూ, ఆ వెనకాల కొండా ఒకే చూపులో పడతాయి. నా దృష్టిలో కాగితానికి ఇంకా మిగిలి ఉన్న అసలు ప్రయోజనం ఇదే. పాతకాలపు ముచ్చట కోసం దాన్ని మోసుకు తిరగనక్కరలేదు. ఇంకొక చిన్న విషయం: ఆన్‌లైన్ పటాల్లో ఎక్కువ భాగం పటకర్త మెర్కేటర్ 1569లో రూపొందించిన విక్షేపం (గుండ్రని భూమిని చదునుగా పరిచి చూపే పద్ధతి) మీద ఆధారపడినవే కాబట్టి, భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ అన్నీ సాగి కనిపిస్తాయి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవులు రెట్టింపవుతాయి. భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్న ప్రాంతానికి వెళ్తున్నప్పుడు కంటి అంచనాను నమ్మకుండా, తెర మూలన ఉండే స్కేలు గీతను చూసి దూరం కట్టాలి.

స్కేలు తరవాత చిహ్నాల పట్టిక చూడాలి. చాలామంది అర్థం కాని గుర్తు ఎదురైనప్పుడు మాత్రమే దాని వైపు తిరుగుతారు గాని, పటం గీసినవారు దేన్ని ముఖ్యమనుకున్నారో, దేన్ని వదిలేశారో తెలిసేది అక్కడే. ఫ్రాన్సు రోడ్ల కోసం మిషెలిన్ సంస్థ వేసే పటాల్లో చూడచక్కని దారుల పక్కన ఆకుపచ్చ గీత ఒకటి ఉంటుంది. ఆ ఒక్క గీతతో ఆ పటం నిదానంగా వెళ్లేవారిని కూడా లెక్కలోకి తీసుకుందని తెలిసిపోతుంది. సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాల్లో రోడ్లూ ఊళ్లూ ఎరుపు, నీరు నీలం, ఎత్తులు గోధుమ రంగు, అడవి ఆకుపచ్చ, సాగునేల పసుపు. వాహనదారుల కోసం వేసిన పటాల్లో కాలిబాటలు ఉండవు, పర్యాటక శాఖల పటాల్లో ఊరికంటే అతిథిగృహం గుర్తు పెద్దదిగా ఉంటుంది. రోడ్ల రంగుల్లో తేడా వెడల్పును చెబుతోందా, అది ఎవరి నిర్వహణలో ఉందో చెబుతోందా, తారు వేశారో లేదో చెబుతోందా అన్నది పట్టికలో తప్పనిసరిగా చూసుకోవాలి. ఈ మూడింటినీ ఒకటిగా అనుకున్నవారికి మట్టిరోడ్డు మీద చీకటి పడుతుంది.

పటం మూలలో చిన్న అక్షరాలతో రెండు తేదీలు ఉండవచ్చు: సర్వే చేసిన సంవత్సరం, అచ్చు వేసిన సంవత్సరం. మనకు కావలసింది మొదటిది. సర్వే తరవాత జలాశయం కట్టి ఉంటే పటంలో నిక్షేపంగా కనిపించే దారి నీటి అడుగున ఉంటుంది. పటం నేలకంటే వెనకబడటమే గాక, అరుదుగా ముందు నడిచిన సందర్భమూ ఉంది. 1930ల్లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు పటం వేసిన ఒక కంపెనీ, తన పనిని ఇతరులు కాపీ కొడితే పట్టుకోవడానికి ఇద్దరు ఉద్యోగుల పేర్లలోని పొడి అక్షరాలను కలిపి ఆగ్లో అనే లేని ఊరిని ఒక మట్టిరోడ్ల కూడలి దగ్గర పెట్టింది. తరవాత ఎవరో ఆ చోట దుకాణం పెట్టి, పటంలో ఉన్న పేరే కదా అని దానికి ఆ పేరే తగిలించారు. దాంతో మరొక కంపెనీ పటంలోనూ ఆ పేరు వచ్చినప్పుడు, అది కాపీ అని నిరూపించడానికి వీలు లేకపోయింది.

గీతలో ఏముందో చూడటం

ఇంట్లో కూర్చుని చేసే పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే. రోడ్డు గీత వంపులో ఆ రోడ్డు ఎందుకు పుట్టిందో చాలావరకు కనిపిస్తుంది. ఏటి పక్కనే ఏటితోపాటు తిరుగుతూ పోయే రోడ్డు ఎత్తుపల్లాలు తక్కువగా, ఊళ్లు ఎక్కువగా ఉండే రోడ్డు. కొండ వెన్ను మీదుగా పోయేది చాలాచోట్ల పాత బాట. వాగులు దాటే పని లేకుండా, బురద అంటకుండా ఉండేందుకు మనుషులూ పశువులూ తొక్కి చేసుకున్న దారి అది, రెండు పక్కలా దూరం వరకు కనిపిస్తుంది కూడా. కారణం లేకుండా లంబకోణంలో కుడికీ ఎడమకీ మలుపులు తీసుకునే రోడ్డు పొలం గట్లను అనుసరించి పుట్టిందని అనుకోవచ్చు. కొండలను, వాగులను లెక్కచేయకుండా గీటుపెట్టి గీసినట్టు పోయేది ఎవరో అధికారంతో వేయించిన రోడ్డు.

అమెరికా మధ్య, పశ్చిమ ప్రాంతాల్లో ఈ చివరి రకం చాలా విస్తారంగా కనిపిస్తుంది. 1785 నాటి భూమి శాసనం ప్రకారం అక్కడి నేలను ఆరు మైళ్ల చతురస్రాలుగా, వాటిని మళ్లీ మైలు చతురస్రాలుగా కోసి పంచారు. గ్రామీణ రోడ్లు చాలావరకు ఆ మైలు గీతల మీదే పడ్డాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి, ఆ చతురస్రాలను మధ్య మధ్య సరిదిద్దవలసి వచ్చింది. అందుకే గంటసేపు తిన్నగా వచ్చిన రోడ్డు, చుట్టూ చదునైన పొలాలు తప్ప ఏమీ లేని చోట ఉన్నట్టుండి పక్కకు జరిగి మళ్లీ తిన్నగా పోతుంది. అలాంటి మలుపును ముందుగా పటంలో చూసి, కారణం తెలుసుకుని, తరవాత దాని మీదుగా బండి నడపడం నిదాన ప్రయాణం ఇచ్చే సంతోషాల్లో ఒకటని నేను అనుకుంటాను.

పటంలో మొదట వెతకవలసిన గీత ఇంకొకటి ఉంది. హైవే నుంచి సన్నగా విడిపోయి, ఊళ్ల నడుమగా వంకరలు తిరిగి, పది ఇరవై కిలోమీటర్ల తరవాత మళ్లీ హైవేలో కలిసే గీత చాలాసార్లు పాత పెద్దరోడ్డే. ఊరి బయటగా కొత్త రోడ్డు వేసినప్పుడు అది మిగిలిపోయి ఉంటుంది. రద్దీ తక్కువ, తారు వేసి ఉంటుంది, వంతెనలు గట్టివి, సంతలూ సత్రాలూ ఇంకా దాని మీదే ఉంటాయి. పల్లెదారుల అలవాటు లేనివారు మొదటి ప్రయాణాన్ని పూర్తిగా ఇలాంటి పాత రోడ్లను గొలుసుగా కలుపుకుని వేసుకోవడం ఉత్తమం. బాగా చీకటి పడినా, వాన పట్టుకున్నా, బండి మొరాయించినా హైవే దగ్గర్లోనే ఉంటుంది.

ఎత్తులను చూపే కాంటూరు రేఖలు పటంలో ఉంటే వాటిని వదలకూడదు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు అవి. దగ్గరదగ్గరగా ఉంటే వాలు నిటారు, దూరదూరంగా ఉంటే వాలు తక్కువ. ఆ గీతలు ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో వంగినప్పుడు, దాని మొన ఎత్తు వైపు చూస్తుంటే అది వాగు పారే లోయ, పల్లం వైపు చూస్తుంటే కొండ వెన్ను. రోడ్డు వాలును కూడా కొలవవచ్చు. 1:50,000 పటంలో రేఖల మధ్య ఎత్తు 20 మీటర్లు అనుకుంటే, రోడ్డు ప్రతి 4 మిల్లీమీటర్లకు ఒక రేఖను దాటుతున్నప్పుడు నేల మీద 200 మీటర్లకు 20 మీటర్లు ఎక్కుతున్నట్టు, అంటే వాలు 10 శాతం. సైకిలు మీద వెళ్లేవారికి అది గట్టి ఎక్కుడు. బరువైన బండికి దిగేటప్పుడు బ్రేకుల మీద ఆధారపడకుండా తక్కువ గేరులో దిగవలసిన వాలు. కనుమ ఎక్కడుందో చూసి, దానికి రెండు వైపులా వాలు ఎంతో లెక్కగట్టి, తేలికైన వైపు నుంచి ఎక్కేలా ప్రయాణం దిశను మార్చుకోవచ్చు.

పటంలో ఏరునో వాగునో చూపే నీలిగీతను రోడ్డు దాటే ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి చూడాలి. అక్కడ వంతెన గుర్తు ఉందా, చప్టా ఉందా, ఏమీ లేకుండా రోడ్డు నీటిలోకి దిగి అవతలి ఒడ్డున లేస్తోందా? ఎండాకాలంలో ఈ మూడింటికీ తేడా కనిపించదు. వానాకాలంలో రోజు ప్రయాణం మొత్తం ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడుతుంది. కదులుతున్న నీరు 30 సెంటీమీటర్ల లోతున్నా చిన్న కార్లను ఈడ్చుకుపోగలదు కాబట్టి, చప్టా మీద నీరు పారుతుంటే ఎంత లోతో చూద్దామని దిగకుండా వెనక్కి తిరగాలి. అందుకు వీలుగా ప్రతి నీటి దాటుకు ముందు ఉన్న చివరి చీలికను పటంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

దూరం, కాలం

పటం మీద కొలిచిన దూరం నేల మీద దూరంకంటే ఎప్పుడూ తక్కువే. 1:2,50,000 పటంలో అర మిల్లీమీటరు మందమున్న రోడ్డు గీత నేల మీద 125 మీటర్ల వెడల్పుకు సమానం. అంత వెడల్పు రోడ్డు ఎక్కడా ఉండదు గాని, గీత కంటికి కనిపించాలంటే అంత మందం తప్పదు. ఆ మందంలో ఇమడని చిన్న మలుపులన్నిటినీ గీసేవారు సాపు చేస్తారు, పక్కనే ఉన్న రైలుపట్టాను కాస్త అవతలికి జరుపుతారు. చదునైన నేల మీద ఈ తేడా అంతగా తెలియకపోయినా, ఘాట్ రోడ్ల మీద బాగా పెరుగుతుంది.

కాలం విషయంలో, ఫోను చెప్పిన సమయానికి రెట్టింపు పెట్టుకుంటే సరిపోతుంది. అది ఆగకుండా నడిపే బండికి వేసిన లెక్క. ఆగడం కోసమే బయలుదేరినవారికి అది వర్తించదు. కారులో రోజుకు 120 నుంచి 150 కిలోమీటర్లు, సైకిలు మీద 40 నుంచి 60 కిలోమీటర్లు వేసుకుంటే చూడటానికీ, తప్పిపోవడానికీ, ఎవరితోనైనా మాట్లాడటానికీ తీరిక మిగులుతుంది. ఉదయం పడమరకూ సాయంత్రం తూర్పుకూ వెళ్లేలా దారిని మలచుకోగలిగితే సూర్యుడు వెనక ఉంటాడు, కంటికి శ్రమ తగ్గుతుంది, ఎదురుగా ఉన్న కొండలు కూడా చక్కగా కనిపిస్తాయి. చీకటి పడేలోగా బస చేరాలి. పల్లెరోడ్ల మీద దీపాలు లేని బండ్లూ పశువులూ తిరుగుతాయి, అంచులు విరిగిన తారు రాత్రిపూట కనిపించదు. ఇంధనం టాంకు సగానికి దిగగానే, బంకు కనిపించిన చోట నింపుకోవాలి.

రాత్రి బస చేసే చోట్లను ముందే ఖాయం చేసుకుని, వాటి మధ్య దారిని ఏ రోజుకారోజు తేల్చుకోవడం చాలామందికి నప్పుతుంది. ప్రతి గంట ప్రయాణాన్నీ ముందే రాసి పెట్టుకుంటే నిదానంగా వెళ్లడానికి అర్థం ఉండదు. బస కూడా చూసుకోకపోతే మధ్యాహ్నం నుంచే ఆ దిగులు మొదలవుతుంది.

మీ పటం మీరు గీసుకోవడం

రోడ్డు ప్రయాణానికి దేశం ఆకారం అవసరం లేదని పూర్వులకు తెలుసు. వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉన్న ప్యూటింగర్ పటం రోమను కాలపు రోడ్ల పటానికి మధ్యయుగంలో తీసిన నకలు. దాని పొడవు దాదాపు 6.75 మీటర్లు, వెడల్పు సుమారు 34 సెంటీమీటర్లు. అందులో సముద్రాలు సన్నని పాయలుగా నలిగిపోయాయి, దిక్కులు గల్లంతయ్యాయి. అయినా ఒక మజిలీ నుంచి తరవాతి మజిలీకి దూరం ఎంతో రాసి ఉండటం వల్ల బాటసారికి కావలసింది దొరుకుతుంది. 1675లో లండనులో జాన్ ఓగిల్బీ అచ్చువేసిన రోడ్ల పటాలు ఇదే ఆలోచనను కొలతతో సహా ముందుకు తీసుకుపోయాయి. కొలచక్రంతో రోడ్లను కొలిపించి, మైలుకు ఒక అంగుళం చొప్పున, ఒక్కొక్క రోడ్డును పొడవాటి కాగితపు పట్టీల మీద గీయించాడు. రోడ్డు దిశ మారినప్పుడల్లా ఆ పట్టీకి వేరే దిక్సూచి బొమ్మ వేశాడు. ఎక్కవలసిన కొండను నిలువుగా, దిగవలసిన కొండను తలకిందులుగా చూపించాడు.

ఈ పద్ధతిని ఒక నోటుపుస్తకంతో ఎవరైనా పాటించవచ్చు. ముందురోజు రాత్రి, మరునాటి దారికి ఒక పేజీ కేటాయించి, అడుగున బయలుదేరే ఊరు రాసి, పైకి ఒక నిలువు గీత గీయాలి. దాని మీద చీలికలు, వంతెనలు, ఏర్లు, రైలు గేట్లు, కనుమలు మాత్రమే, కిలోమీటర్ల అంకెతో సహా గుర్తించాలి. వదిలేయవలసిన రోడ్లను కూడా పొట్టి గీతలుగా చూపాలి, ఎందుకంటే తప్పు మలుపు తీసుకునేది అక్కడే. బండి మీటరును ఉదయం సున్నాకు తిప్పుకుంటే, తరవాతి చీలిక ఇంకా ఎంత దూరమో ఫోను తీయకుండానే తెలుస్తుంది. ఈ పేజీ గీయడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో దారి సగం కంఠస్థం అయిపోతుంది కాబట్టి, మరునాడు ఆ పేజీని చూసే అవసరం కూడా అంతగా రాదు.

దారిలో

నడిపేవారు పటం చూడకూడదు. పక్కన మనిషి ఉంటే ఆ పని వారిది. ఒంటరి ప్రయాణమైతే చూడాలనుకున్నప్పుడల్లా బండి పక్కకు ఆపాలి. కాగితం పటాన్ని ఆ రోజు తిరిగే భాగం పైకి వచ్చేలా ముందే మడుచుకోవాలి. ఆగినప్పుడు పటాన్ని ఎదురుగా ఉన్న రోడ్డు దిశకు తిప్పి పట్టుకుంటే, పటంలో ఎడమన ఉన్న కొండ నిజంగానే ఎడమన కనిపిస్తుంది. దిక్సూచి వాడేవారు బండి నుంచి నాలుగడుగులు దూరంగా నిలబడాలి. బండిలోని ఇనుము ముల్లును లాగేస్తుంది.

ఫోనులోని జీపీఎస్‌కు నెట్‌వర్కుతో పని లేదు. అది ఉపగ్రహాల సంకేతాలను అందుకుని లెక్క కట్టుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే చాలు. నెట్‌వర్కు అవసరమయ్యేది పటం బొమ్మను తెచ్చుకోవడానికి మాత్రమే కాబట్టి, ఆ ప్రాంతపు పటాన్ని ముందే దించి పెట్టుకుంటే సిగ్నలు లేని చోట కూడా మనం ఎక్కడున్నామో చుక్క చూపిస్తుంది. ఆకాశం తెరపిగా ఉన్నచోట దాని తప్పు సుమారు ఐదు మీటర్లు. ఇరుకు లోయల్లో, దట్టమైన చెట్ల కింద ఇంకా పెరుగుతుంది. దారి చూపించే గొంతును ఆపేసి, చుక్కను మాత్రం ఉంచుకోవడం మంచి అలవాటు. ఎటు తిరగాలో మనమే తేల్చుకుంటాం, ఎక్కడున్నామో తెలియనప్పుడు మాత్రం దాన్ని అడుగుతాం.

మనుషులను అడగడానికీ ఒక పద్ధతి ఉంది. ఈ దారి ఫలానా ఊరికి పోతుందా అని అడిగితే, కాదనడం ఇష్టం లేక ఔననేవారు ఎక్కువ. ఈ దారి ఎక్కడికి పోతుంది అని అడిగితే, వారికి తెలిసిందే చెబుతారు. దూరం అడిగినప్పుడు దగ్గరే అన్న జవాబు వస్తే, వారు నడిచి వెళ్తారో బండి మీద వెళ్తారో కనుక్కోవాలి. వాన పడ్డాక దారి బాగుందా అనేదానికంటే, ఈ రోజు అటునుంచి బండ్లేమైనా వచ్చాయా అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగం. ట్రాక్టరు నడిపేవారు, పాలు సేకరించేవారు, ఉత్తరాలు పంచేవారు చెప్పింది పటంకంటే తాజా సమాచారం. పటానికీ వారి మాటకూ పొంతన లేకపోతే వారి మాటే వినాలి. ఊరివాళ్లు కొండలకూ వాగులకూ పెట్టుకున్న పేర్లు అచ్చుపటంలో ఉన్నవాటికి భిన్నంగా ఉండవచ్చు. వాటిని విన్నది విన్నట్టుగా పటం మీదే రాసుకోవాలి.

తిరిగి వచ్చాక

పెన్సిలు గుర్తుల్లో పనికొచ్చేవాటిని వారంలోగా సిరాతో దిద్దాలి, ఆ తరవాత అవి మనకే అర్థం కావు. తారు ఎక్కడ ముగిసింది, ఏ చప్టా కూలిపోయింది, ఏ మలుపు దగ్గర సూచికబోర్డు లేదు అన్న వివరాలు ఇతరులకు కూడా ఉపయోగపడతాయి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఖాతా తెరిచి ఇలాంటి వివరాలను చేర్చవచ్చు. రోడ్డు ఉపరితలం మట్టా, కంకరా, తారా అని నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే దారి ఆప్‌లు చాలావరకు ఆ సమాచారాన్నే వాడుకుంటాయి. అక్కడ స్వయంగా చూసిందే రాయాలి. వేరే అచ్చుపటాల నుంచి గాని, ఇతర కంపెనీల ఆన్‌లైన్ పటాల నుంచి గాని నకలు తీయడం నిబంధనలకు విరుద్ధం. ఎవరి సొంత పొలంలోనో పోయే బాటను చేర్చేటప్పుడు అది ప్రైవేటు దారి అని తప్పక గుర్తించాలి. లేకపోతే తరవాత వచ్చే బండ్లన్నిటినీ ఆప్ ఆ రైతు చేలోకి పంపుతుంది.